క్యామ్‌కార్డర్‌కి వైడ్ లెన్స్: ఏది కొనాలి, పెట్టుకున్నాక ఎలా తీయాలి

పెళ్లికూతుర్ని చేసే గది చాలా ఇళ్లలో పన్నెండు అడుగులకు మించి ఉండదు. అందులోనే మంచం, బీరువా, నలుగు పెట్టడానికి వచ్చిన పేరంటాళ్లు, మధ్యలో పీట మీద అమ్మాయి. వీడియో తీసేవాళ్లు గోడకు వీపు ఆనించి నిలబడినా అమ్మాయి ముఖం వస్తే వాళ్లమ్మ రాదు, వాళ్లమ్మ వస్తే పక్కనున్న అమ్మమ్మ సగానికి తెగిపోతుంది. లెన్సులు మార్చుకునే కెమెరా అయితే వేరేది తగిలించేస్తారు. క్యామ్‌కార్డర్‌లో లెన్స్ ఊడిరాదు కాబట్టి దాని ముందు ఇంకో లెన్స్ బిగించుకోవాల్సిందే. ఇలా ముందు బిగించే వాటిలో మంచివి తక్కువ, డబ్బు దండగ చేసేవి ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కొనే ముందు మీ కెమెరా మెనూలోకి ఒకసారి వెళ్లండి. చేతి వణుకు తగ్గించే స్టెబిలైజర్ "యాక్టివ్"లో ఉందేమో చూడండి, చాలా హ్యాండీక్యామ్‌లు ఆ మోడ్‌లో బొమ్మ అంచులు కొంత కోసేసి మిగిలినదే రికార్డ్ చేస్తాయి. "స్టాండర్డ్"లో పెట్టినా, స్టాండు మీద ఉన్నప్పుడు పూర్తిగా ఆపేసినా, ఆ కోసేసిన వెడల్పు తిరిగి వస్తుంది. కొన్ని మోడళ్లలో 4కెలో తీస్తే ఒక వెడల్పు, హెచ్‌డీలో తీస్తే ఇంకో వెడల్పు ఉంటుంది, అదీ పోల్చి చూడండి. కొంతమందికి ఇక్కడితోనే పని అయిపోతుంది, పైసా ఖర్చు ఉండదు.

ఇంకా చాలకపోతే అప్పుడు లెక్క వేసుకోండి. మీ కెమెరా వివరాల్లో "35 ఎంఎం ఈక్వివలెంట్" అని ఒక ఫోకల్ లెంత్ రాసి ఉంటుంది, ఆ అంకె ఎంత చిన్నదైతే ఫ్రేములో అంత ఎక్కువ వెడల్పు పడుతుంది. మీకూ ఎదుట ఉన్నవాళ్లకూ మధ్య దూరాన్ని 36తో గుణించి, దాన్ని ఆ ఫోకల్ లెంత్‌తో భాగిస్తే ఎంత వెడల్పు ఫ్రేములో పడుతుందో సుమారుగా తెలుస్తుంది. పన్నెండు అడుగుల గదిలో మీరూ కెమెరా కలిసి రెండు అడుగులు తినేస్తారు, మిగిలింది పది. సోనీ ఎన్ఎక్స్100 వైడ్ 29 ఎంఎం దగ్గర మొదలవుతుంది, అంటే ఎదుటి గోడ దగ్గర పన్నెండు అడుగుల పైచిలుకు పడుతుంది. పాత సోనీ పీడీ170 అయితే 43 ఎంఎం, అదే గదిలో ఎనిమిది అడుగులే. అందుకే ఆ కెమెరాతో పాటు పెట్టెలోనే ఒక వైడ్ లెన్స్ ఇచ్చేవారు. సోనీ ఏఎక్స్53 లాంటిది 26.8 ఎంఎం కాబట్టి దానికి అంత అవసరం పడదు.

వైడ్ లెన్స్ మీద 0.8ఎక్స్, 0.7ఎక్స్, 0.5ఎక్స్ అని ఉండే అంకెతో మీ ఫోకల్ లెంత్‌ని గుణించాలి. 29 ఎంఎంకి 0.75ఎక్స్ పెడితే దాదాపు 22 అవుతుంది, ఆ గదిలో పదహారు అడుగులు పడుతుంది. మామూలు ఇంటి గదికి, మండపానికి ఇది బాగా సరిపోతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప అనుకుని 0.45ఎక్స్ కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. 29 ఎంఎం కెమెరాకి అది పెడితే 13 ఎంఎం దగ్గరికి వెళ్లిపోతుంది, అరటి గెలలు కట్టిన మండపం స్తంభాలు విల్లులా వంగుతాయి, చివర నిలబడిన మేనత్త అడ్డంగా సాగిపోతుంది. ఆవిడ ఆ వీడియోని ఏళ్ల తరబడి చూసుకోవాలి కదా. మీ పనికి సరిపోయే వాటిలో అన్నిటికన్నా తక్కువ వైడ్ ఉన్నదే తీసుకోండి, నా గట్టి సలహా ఇది.

అంకె కన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. కొన్ని వైడ్ లెన్సులు పెట్టాక కూడా జూమ్ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఫోకస్ పోకుండా పనిచేస్తుంది. కొన్నింటిలో కాస్త జూమ్ చేయగానే బొమ్మ మసకబారిపోతుంది, ఆటో ఫోకస్ ఎంత వెతికినా దొరకదు. సాధారణంగా మొదటి రకాన్ని వైడ్ కన్వర్టర్ అనీ రెండోదాన్ని వైడ్ అడాప్టర్ అనీ అంటారు కానీ పెట్టెల మీద ఈ పేర్లు ఇష్టం వచ్చినట్టు వేస్తారు, వాటిని నమ్మి కొనకండి. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మండపమంతా చూపించి, మరుక్షణం తెర పక్కకు తీయగానే ఇద్దరి ముఖాల మీదికి జూమ్ వెళ్లాలంటే, మధ్యలో లెన్స్ విప్పి మళ్లీ బిగించే టైం ఎక్కడుంటుంది? ముహూర్తం మన కోసం ఆగదు. కాబట్టి ఫంక్షన్లు తీసేవాళ్లు పూర్తి జూమ్ పనిచేసేదే తీసుకోవాలి, బరువు ఎక్కువైనా ధర ఎక్కువైనా సరే. స్థలాల వీడియోలు, అమ్మకానికి పెట్టిన ఇళ్ల వీడియోలు తీసేవాళ్లకి జూమ్‌తో పని లేదు, వాళ్లకి రెండో రకం చాలు, అది తేలిగ్గా కూడా ఉంటుంది.

కొన్ని వందల రూపాయలకే దొరికే "హెచ్‌డీ ప్రొఫెషనల్ 0.45ఎక్స్" లెన్సులు చాలావరకు నడుం దగ్గర తిప్పితే రెండు ముక్కలవుతాయి, వెనక ముక్క దగ్గరి వస్తువులు తీసే మాక్రో. వీటిలో మధ్యలో బొమ్మ బాగానే ఉన్నట్టుంటుంది, మూలలకు వెళ్లేసరికి అక్షరాలు చదవలేం, తెల్లటి అంచుల పక్కన ఊదా రంగు గీత కనిపిస్తుంది. పెట్టె మీద హెచ్‌డీ అన్న మాటకు ఇక్కడ ఏ విలువా లేదు. మీ కెమెరా తయారు చేసిన కంపెనీయే ఆ మోడల్ కోసం లెన్స్ చేసి ఉంటే సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే దాన్నే వెతకండి. లెన్స్ బిగించే మర సైజు 58 ఎంఎం ఉన్న కానన్ క్యామ్‌కార్డర్ల కోసం చేసిన డబ్ల్యూడీ-హెచ్58డబ్ల్యూ 0.75ఎక్స్ అలాంటిదే.

సైజు విషయం తేలికే. లెన్స్ చుట్టూగానీ మూత వెనకగానీ గుండ్రటి గుర్తు పక్కన 37, 46, 55, 58, 62 అని అంకె ఉంటుంది, అదే థ్రెడ్ సైజు, అంటే లెన్స్ బిగించే మర సైజు. సరిగ్గా అదే సైజు దొరకకపోతే మధ్యలో సైజు కలిపే రింగు వేసుకోవచ్చు, కానీ మీ కెమెరా కన్నా పెద్ద సైజు లెన్స్‌నే రింగుతో పెట్టాలి. చిన్నది పెడితే నాలుగు మూలలూ నల్లబడటం దాదాపు ఖాయం. రింగు వల్ల లెన్స్ ముందుకు జరుగుతుంది, ఆ కాస్త దూరానికి కూడా మూలల్లో నలుపు రావచ్చు. లెన్స్‌కి రక్షణగా వేసే గాజు, యూవీ ఫిల్టర్, ముందే బిగించి ఉంటే తీసేసి పెట్టండి.

కెమెరా చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి. హైదరాబాద్‌లో అయితే కోఠి వైపు కెమెరా షాపుల్లో బిగించి చూపించమంటే చూపిస్తారు. ఎదురుగా మూసి ఉన్న షాపు షట్టర్ ఏదైనా ఉంటే అంతకన్నా మంచి పరీక్ష లేదు, దానికి తిన్నగా నిలబడి ఫ్రేమంతా నిండేలా తీయండి. షట్టర్ గీతలు పైనా కిందా ఎంత వంగుతున్నాయో తెలిసిపోతుంది. తర్వాత ఒక బోర్డుని మధ్యలో, ఆపైన నాలుగు మూలల్లో పెట్టి తీసి అక్షరాలు చూడండి. ఆపై దూరంగా ఉన్న ఏ హోర్డింగ్ మీదికో మెల్లగా చివరి దాకా జూమ్ చేయండి, ఎక్కడ మసక మొదలవుతుందో అదే మీ హద్దు. ఇదంతా కెమెరా చిన్న స్క్రీన్ మీద చూసి తేల్చేయకండి. పాత క్యామ్‌కార్డర్ల స్క్రీన్‌లో అంచులు పూర్తిగా కనిపించవు కూడా, మూలల నలుపు కంప్యూటర్‌లో వేశాకే బయటపడుతుంది. కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో చూశాక డబ్బివ్వండి, లేదా వాపసు తీసుకుంటారని ముందే మాట్లాడుకోండి.

ఇంటికి తెచ్చాక మెనూలో "కన్వర్షన్ లెన్స్" అనే సెట్టింగ్ ఉందేమో వెతకండి. సోనీ, కానన్ మోడళ్లలో చాలావాటికి ఉంది, దాన్ని వైడ్‌లో పెడితే స్టెబిలైజర్, ఫోకస్ ఆ లెన్స్‌కి తగ్గట్టు సర్దుకుంటాయి. కొన్ని కానన్ క్యామ్‌కార్డర్లలో వేగంగా ఫోకస్ చేయడానికి లెన్స్ పక్కన బయట ఒక సెన్సర్ ఉంటుంది, వైడ్ లెన్స్ దానికి అడ్డొస్తుంది కాబట్టి ఫోకస్‌ని నార్మల్ ఏఎఫ్‌లో (మామూలు ఆటో ఫోకస్) పెట్టుకోవాలి. కెమెరాలోనే ఉన్న చిన్న లైటు వేస్తే లెన్స్ నీడ ఫ్రేము కింద పడుతుంది, లైటు విడిగా పైన పెట్టుకోండి. పొడుగు మైకు ఉంటే దాని మూతి పైన కనిపిస్తుందేమో చూసి వెనక్కి జరపండి.

ఇక తీయడం. వైడ్ లెన్స్ పెట్టుకుని వెనక నిలబడి ఎక్కువమందిని పట్టేద్దాం అనుకుంటే అందరూ చీమల్లా కనిపిస్తారు, సగం ఫ్రేము సీలింగూ కార్పెట్టూ ఆక్రమిస్తాయి. ఈ లెన్స్ అసలు బలం మీరు ముందుకు వెళ్లగలగడంలో ఉంది. తాళి కట్టే సమయానికి మండపం ముందు బంధువులంతా లేచి నిలబడతారు, ఫొటోగ్రాఫర్లు ఇద్దరు ముగ్గురు, అక్షింతలు చేతిలో పట్టుకున్న పెద్దవాళ్లు, వీళ్ల వెనక నుంచి జూమ్ చేసి తీస్తే భుజాలూ జడలే వస్తాయి. అదే వైడ్ ఉంటే స్తంభం పక్కన నాలుగైదు అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, మీకూ వధూవరులకూ మధ్య ఎవరూ దూరే చోటు లేకుండా, ఇద్దర్నీ పంతులుగారినీ వెనక నిలబడ్డ ఆడపడుచునీ ఒకే ఫ్రేములో పట్టుకోవచ్చు. కూర్చుంటే కుర్చీల్లో ఉన్నవాళ్లకి మీ వీపు అడ్డురాదు, వాళ్లూ ఆ పెళ్లి చూడటానికే వచ్చారు. దగ్గర నుంచి తీస్తే చప్పుడు కూడా శుభ్రంగా వస్తుంది, మంత్రం, తాళి కట్టేటప్పుడు అమ్మాయి వాళ్ల నాన్న గొంతు, అన్నీ వినిపిస్తాయి.

దీనివల్ల వెలుతురు విషయంలోనూ లాభం ఉంది. ఇలా ముందు బిగించే లెన్స్ వల్ల కెమెరా ఎఫ్ నంబర్ (ఇది పెరిగితే లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది) మారదు, వెలుతురు దాదాపు ఏమీ తగ్గదు. జూమ్ చేస్తే మాత్రం తగ్గుతుంది: ఎన్ఎక్స్100నే తీసుకుంటే వైడ్‌లో ఎఫ్2.8, చివరి జూమ్‌లో ఎఫ్4.5, అంటే సగం కన్నా తక్కువ వెలుతురు లోపలికి వెళ్తుంది. రాత్రి ముహూర్తంలో వెనక నుంచి జూమ్‌లో తీసినదానికీ దగ్గర నుంచి వైడ్‌లో తీసినదానికీ గ్రెయిన్‌లో, అంటే బొమ్మ మీద కనిపించే చుక్కల్లో, తేడా టీవీ మీద స్పష్టంగా తెలుస్తుంది.

ముఖాలకు మూడు అడుగుల కన్నా దగ్గరికి వెళ్లకండి, ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ముఖ్యమైనవాళ్లని ఎప్పుడూ ఫ్రేము మధ్య భాగంలో ఉంచండి, గ్రూపు తీసేటప్పుడు రెండు చివర్లా కాస్త ఖాళీ వదలండి. కెమెరా పైకో కిందికో వంచితే స్తంభాలు ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు వస్తాయి, కాబట్టి కెమెరాని తిన్నగా ఉంచి ఎత్తు మార్చుకోండి, కూర్చున్నవాళ్లని తీయాలంటే మీరూ కూర్చోండి. పక్కకి గబగబా తిప్పితే అంచుల్లో మనుషులు సాగి ముడుచుకుంటూ వెళ్తారు, అది కళ్లకి ఇబ్బంది. నాలుగు అడుగులు నడుస్తూ తీయండి, వైడ్‌లో చేతి వణుకు తక్కువగా తెలుస్తుంది కాబట్టి ఊరేగింపు, అప్పగింతల దాకా అన్నీ నడుస్తూనే తీయొచ్చు.

పగలు ఎండలో ఇంకో సమస్య వస్తుంది. వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం, ఐరిస్, బాగా మూసుకుని ఎఫ్8 దాటితే చిన్న సెన్సర్ మీద బొమ్మ మెత్తబడుతుంది, పైగా వైడ్‌లో దగ్గరవీ దూరంవీ అన్నీ ఫోకస్‌లో ఉంటాయి కాబట్టి లెన్స్ మీది దుమ్ము, పసుపు, అక్షింతల పొడి మచ్చల్లా కనిపిస్తాయి. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసి ఎఫ్4, ఎఫ్5.6 మధ్య ఉంచుకుంటే మచ్చలు తగ్గుతాయి, మూలలు కూడా స్పష్టంగా వస్తాయి. బిగించే ప్రతిసారీ వైడ్ లెన్స్ వెనక వైపు, కెమెరా లెన్స్ ముందు వైపు రెండూ తుడవండి. పక్క వెలుతురు ఆపడానికి కెమెరాతో వచ్చిన హుడ్ వైడ్ మీద పట్టదు, అందుకని సీరియల్ బల్బులు, ఫోకస్ లైట్లు ఫ్రేము పక్కనుంచి కొట్టి పొగమంచులాంటి తెల్లదనం వస్తుంది. ఒక చేత్తో అడ్డం పెట్టి చూడండి, లేదంటే ఒక అడుగు పక్కకి జరగండి.

మంచి వైడ్ లెన్స్ బరువుగా ఉంటుంది, స్టాండు మీద కెమెరా ముందుకి వాలుతుంది, కింద ప్లేటుని సర్ది కెమెరాని కాస్త వెనక్కి జరపండి. చేత్తో పట్టుకుంటే ఎడమ చెయ్యి లెన్స్ కింద ఉండాలి. ఏసీ హాల్లోంచి బయటికి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో, రాగానే రెండు లెన్సుల మధ్య ఆవిరి పట్టేస్తుంది, పైన తుడిస్తే పోదు. బయటి తంతు మొదలయ్యే ముందే కెమెరాని బ్యాగులో మూసి బయట పెట్టి ఉంచండి, బ్యాగులో సిలికా జెల్ సంచులు వేసుకోండి, ఫంగస్ కూడా రాదు. బిగించేటప్పుడు ముందు ఎడమకి కాస్త తిప్పి, థ్రెడ్ కూర్చున్నట్టు తెలిశాక కుడికి తిప్పండి, గట్టిగా బిగించకండి. ఎప్పుడైనా ఇరుక్కుపోతే వేళ్లతో నొక్కి తిప్పితే రింగు ఆకారం మారి ఇంకా బిగుసుకుంటుంది, వంటింటి రబ్బరు గ్లవుజు తొడుక్కుని అరచెయ్యంతా లెన్స్ చుట్టూ ఆనించి నెమ్మదిగా తిప్పండి, వచ్చేస్తుంది.