హాలుకీ డైనింగుకీ మధ్య అరగోడ: కట్టడం నుంచి గ్రానైట్ దాకా

అరగోడకి పైన స్లాబు ఉండదు, ఒక చివర ఆనుకోడానికి గోడా ఉండదు. మామూలు పార్టిషన్ గోడలాగే నాలుగంగుళాల ఇటుక పేర్చి ప్లాస్టరింగ్ చేసేస్తే కొన్నాళ్లకి పాత గోడతో కలిసేచోట నిలువుగా పగులు వస్తుంది. పిల్లలు ఎక్కి కూర్చున్నప్పుడల్లా విడి చివర కాస్త కదులుతుంది. తర్వాత ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా ఆ పగులు మళ్లీ తేలుతుంది. బలమంతా ఇటుక పెట్టకముందే నేలలోనూ పాత గోడలోనూ వేసుకోవాలి.

కింది లెక్క 5 అడుగుల పొడవు, గ్రానైట్‌తో కలిపి సుమారు 35 అంగుళాల ఎత్తున్న గోడకి. 9×4×3 అంగుళాల ఎర్ర ఇటుకైతే మాలుతో (సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద) కలిపి వరుస 3.4 అంగుళాలు వస్తుంది. తొమ్మిది వరుసలకి 54 ఇటుకలు పడతాయి, విరుగుడుతో 60 తెప్పించండి. ఊరిని బట్టి ఇటుక సైజు మారుతుంది కాబట్టి ముందు ఒకటి కొలిచి చూసుకోండి. సిమెంటు ఒక బస్తా, ఇసుక 4 ఘనపుటడుగులు, 12 ఎంఎం కంకర ముప్పావు ఘనపుటడుగు, 8 ఎంఎం ఇనుప కడ్డీ 25 అడుగులు, 6 ఎంఎం కడ్డీ 3 అడుగులు చాలు.

పూర్తయ్యాక ఈ గోడ 330 నుంచి 350 కిలోల దాకా తూగుతుంది. కింద బీమ్ ఉంటే చింత లేదు. పై అంతస్తులో స్లాబు మధ్యలో కట్టాలంటే ఇంజనీరుకి ఒక్కసారి చూపించండి. తేలిగ్గా కావాలంటే 4 అంగుళాల ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకులు) వాడొచ్చు, కట్టడం బరువు ఎర్ర ఇటుకతో పోలిస్తే మూడో వంతుకి దగ్గరగా ఉంటుంది. వాటిని ఇటుకల్లా నానబెట్టకూడదు, పైపైన తడిపితే చాలు. పేర్చడానికి బ్లాక్ జిగురు వాడాలి.

టైల్ మీదే గోడ లేపకండి. నున్నటి టైల్‌ని మాలు పట్టుకోదు, గోడ టైల్ మీద ఊరికే నిలబడి ఉంటుందంతే. 5 అంగుళాల వెడల్పున గీత గీసి, కట్టర్‌తో కోసి, టైలూ కింది మాలూ తీసేసి స్లాబు దాకా వెళ్లండి. ఉలితో గరుకు చేసి కడగండి.

విడి చివర ఇటుక పెట్టకుండా 4×4 అంగుళాల ఖాళీ వదిలి, అందులో రెండు 8 ఎంఎం కడ్డీలు నిలబెట్టాలి. స్లాబులో 3 అంగుళాల లోతు రంధ్రం వేసి, దుమ్ము పూర్తిగా ఊదేసి, యాంకర్ కెమికల్ (కడ్డీని కాంక్రీటుకి అతికించే జిగురు) నింపి కడ్డీ దించండి. దుమ్ము మిగిలితే కెమికల్ కాంక్రీటుకి కాకుండా దుమ్ముకి అంటుకుంటుంది, కడ్డీ చేత్తో లాగినా వచ్చేస్తుంది. కింది ఇంటి ఫ్యాన్ల, లైట్ల వైరు పైపులు ఇదే స్లాబులో ఉంటాయి, అవి ఎటు పోతున్నాయో తెలుసుకున్నాకే డ్రిల్ పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో పోస్ట్ టెన్షన్ స్లాబు (లోపల బిగించి లాగిన ఉక్కు తీగలుండేది) అయితే డ్రిల్ జోలికే వెళ్లొద్దు.

పాత గోడ వైపు పెయింటూ ప్లాస్టరూ ఇటుక కనపడేదాకా చెక్కేయండి. ప్రతి మూడో వరుసకీ అడుగు పొడవు 6 ఎంఎం కడ్డీ ఒకటి, 4 అంగుళాలు పాత గోడలోకి, మిగతాది కొత్త వరుస మాలులోకి పోయేలా పెట్టండి.

ఇటుకల్ని నీళ్లలో బుడగలు ఆగేదాకా నానబెట్టండి. పొడి ఇటుక మాలులో నీళ్లు పీల్చేస్తుంది, సిమెంటు గట్టిపడకుండా ఇసుకలా రాలుతుంది. మాలు 1:4, అంటే సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు. కలిపిన మాలు అరగంటలో వాడేసేంతే కలపండి, గట్టిపడ్డదాన్ని నీళ్లు పోసి మళ్లీ కలిపితే బలం పోతుంది. రెండు చివర్లా దారం కట్టి, ప్రతి వరుసకీ రసమట్టం, మూడు వరుసలకోసారి తూకం గుండు పట్టండి. అరగోడ పైఅంచు కంటికి సరిగ్గా కిందే ఉంటుంది కాబట్టి వంకర పొడవాటి గోడలో కంటే దీంట్లో బాగా కనిపిస్తుంది. మొదటి రోజు ఐదు వరుసలు, రెండో రోజు నాలుగు. స్విచ్ బోర్డు కావాలంటే పైపూ బాక్సూ ఇప్పుడే పెట్టేయాలి. కట్టాక గాడి కొడితే నాలుగంగుళాల గోడ బలం తగ్గిపోతుంది.

చివర వదిలిన 4×4 అంగుళాల ఖాళీకి చెక్కలు బిగించండి. గోడ తల మీద 3 అంగుళాల ఎత్తు పట్టీకి కూడా చెక్కలు కట్టండి. పట్టీలో రెండు 8 ఎంఎం కడ్డీలు పొడవునా పరిచి, ఒక కొనని పాత గోడలోకి దించి, రెండో కొనని నిలువు కడ్డీలకి బైండింగ్ వైరుతో కట్టి, రెండింటిలో 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు ఒకేసారి పోయండి. సన్న కడ్డీతో బాగా కూరాలి, లేదంటే లోపల గుల్ల మిగులుతుంది. గోడ ఊగకుండా ఆపేది ఈ పట్టీనే. పైన జాలీ గానీ చెక్క ఫ్రేము గానీ పెట్టే ఉద్దేశం ఉంటే ఇనుప ప్లేట్లు ఇందులోనే ఉంచేయండి.

గోనె సంచులు చుట్టి ఏడు రోజులు తడిగా ఉంచండి. ఇంట్లో నీళ్లు గుమ్మరించక్కర్లేదు, సంచి ఆరకపోతే చాలు.

ప్లాస్టరింగ్‌కి జల్లించిన ఇసుకతో 1:4, మందం అర అంగుళం. ఏఏసీ అయితే 1:6 వేయండి, మాలులో సిమెంటు ఎక్కువైతే సన్న పగుళ్లు పడతాయి. పాత గోడతో కలిసేచోట 8 అంగుళాల వెడల్పు చికెన్ మెష్ (సన్న ఇనుప తీగ వల) కొట్టి దాని మీదుగా పూయండి. విడి చివర మూలల్ని కొద్దిగా గుండ్రం చేయండి, పదునుగా ఉన్న మూల కుర్చీ తగిలినా పెచ్చు ఊడుతుంది. మళ్లీ ఏడు రోజుల క్యూరింగ్. ఆ తర్వాత నెల దాకా ఆరనిచ్చి పుట్టీ, ప్రైమర్, పెయింటు. తడి గోడకి రంగేస్తే తెల్లగా ఉప్పు పూసి పొరలు లేస్తాయి.

ప్లాస్టరుతో గోడ 5 అంగుళాలు అవుతుంది. గ్రానైట్ 18 ఎంఎం మందం, ఆరున్నర అంగుళాల వెడల్పు కోయించండి, రెండు వైపులా ముప్పావు అంగుళం బయటికి ఉంటుంది. విడి చివర కూడా అంతే వదలండి. మూడు అంచులూ పాలిష్ చెప్పండి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి ముదురు రాళ్లకి మామూలు మాలు సరిపోతుంది. లేత రంగు రాయికి కింది తడి పైకి మచ్చలా కనిపిస్తుంది, దానికి తెల్ల టైల్ జిగురు వాడండి. రాయిని పెయింటుకి ముందే పెట్టించాలి.

నేల దగ్గర కోసిన టైల్ అంచులు కప్పడానికి గోడ చుట్టూ మూడు వైపులా స్కర్టింగ్ వేయండి. గ్రానైట్‌కీ పాత గోడకీ మధ్య 3 ఎంఎం ఖాళీ వదిలి రంగు పట్టే సీలెంట్ నింపండి. అక్కడ సిమెంటు నింపితే మొదట పగిలేది అదే. రాయి పెట్టాక రెండు రోజులు దాని మీద బరువు పెట్టొద్దు.