విశాఖ తీరంలో ఫొటోలు చెడిపోతుంటే

ఏడాది పొడుగునా ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి వరకు ఎక్కడో ఒకచోట నడుస్తూ ఫొటోలు తీస్తుంటాను. పాడైన ఫొటోలకు కెమెరాను తిట్టుకుంటాం గానీ, చాలావాటికి మనం వెళ్లిన వేళే కారణం.

మబ్బు లేకపోయినా ఫొటో పాలిపోయింది

ముందు లెన్స్ చూడండి. వేసవిలో ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి వస్తే, చల్లటి గాజు మీద తడిగాలిలోని ఆవిరి సన్నటి నీటిపొరగా పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. కాసేపు ఆగితే అదే పోతుంది. రాత్రే కెమెరా బ్యాగును ఏసీ లేని గదిలో పెడితే ఈ గొడవే ఉండదు.

ఆగినా పోలేదంటే అది ఉప్పు తుంపర. కెరటాలు పెద్దవిగా ఉండే వానాకాలంలో మరీ ఎక్కువ. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. మెత్తటి గుడ్డను మంచినీళ్లతో కొద్దిగా తడిపి అద్దండి, తర్వాత పొడిగుడ్డ వాడండి. చొక్కా అంచుతో తుడిచి నేనొక ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు) పాడుచేసుకున్నాను.

పోయినవారం కనిపించిన రాళ్లు ఈవారం లేవు

మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణానికి వెళ్లేవాళ్లకు ఇది బాగా తెలుసు. పోటు, అంటే సముద్రం నీళ్లు పైకి రావడం, రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. అంటే ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు నీళ్లు బాగా తీసి ఉంటే, వచ్చే ఆదివారం అదే 6 గంటలకు దాదాపు పోటు మీద ఉంటుంది. గడియారం చూసి కాదు, ఆటుపోట్ల పట్టిక చూసి బయలుదేరండి. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీళ్లు ఎక్కువ వెనక్కి పోతాయి, అంతే ఎక్కువగా పైకొస్తాయి కూడా. నీళ్లు తిరగక ముందే రాళ్ల మీద నుంచి దిగిపోవాలి. నాచు పట్టిన రాయి మీద ఏ చెప్పులూ ఆగవు.

సూర్యుడు ఫ్రేములో లేడు

జూన్‌లో తూర్పుకు ఎడమగా, డిసెంబరులో కుడిగా ఉదయిస్తాడు. ఈ రెంటి మధ్య తేడా సుమారు 50 డిగ్రీలు. ఎండాకాలంలో పడవ వెనక వచ్చిన సూర్యుడి కోసం సంక్రాంతికి అక్కడే నిలబడితే రాడు. మీరే జరగాలి.

సాయంత్రమైతే అసలు సముద్రంలో మునగడు, కొండల వెనక్కి పోతాడు. అప్పుడు వీపు కొండలకు పెట్టి, గులాబీ రంగు తిరిగే తూర్పు ఆకాశాన్ని తీయండి.

ఆకాశం బాగుంది, పడవలు నల్లగా వచ్చాయి

ఎక్స్‌పోజర్, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు, ఆకాశానికి తగ్గట్టు పడింది. ఫోన్లో హెచ్‌డీఆర్ (వెలుగూ నీడా రెండూ కనిపించేలా తీసే సెట్టింగ్) పెట్టండి, లేదా పడవల మీద వెలుగు పడేవరకు ఆగండి.

సముద్రం ఒక పక్కకు ఒరిగింది

తెర మీద అడ్డంగా నిలువుగా కనిపించే గ్రిడ్ గీతలు ఆన్ చేసి, సముద్రం అంచును అడ్డగీతకు సరిచేయండి, అంతే.

అదే చోటు, అదే నెల, అయినా నిరుటి ఫొటోతో కలవడం లేదు

కెమెరా తప్పు కాకపోవచ్చు. ఆర్.కె. బీచ్‌లో ఇసుక ఒకచోట కోసుకుపోతుంది, ఇంకోచోట మేట వేస్తుంది. అయితే పోటులో తీసినదాన్ని, ఆటులో తీసినదాన్ని పక్కపక్కన పెట్టి "తీరం పోయింది" అనుకోకండి, ఆ టెన్షన్ నేనూ పడ్డాను. ఫైలు పేరులో తేదీతోపాటు అప్పుడు పోటు ఉందా, ఆటు ఉందా అన్నది రాసుకోండి.