ఇంగ్లండులో పూర్వీకుల జాడ: పాత చర్చి రిజిస్టర్లలో, వర్క్‌హౌస్ దస్త్రాలలో వెతకడం ఎలా?

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు ఇళ్లకు ఇంగ్లీషు కోడళ్లు, అల్లుళ్లు కొత్త కాదు. వారి పిల్లలు వంశవృక్షం గీయబోతే ఒక వైపు కొమ్మలు ఇంటిపేరుతో, ఊరిపేరుతో చకచకా నిండుతాయి. రెండో వైపు ముత్తాత దగ్గరే ఆగిపోతాయి. సికింద్రాబాద్, కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల్లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లోనూ ఇదే వెలితి కనిపిస్తుంది. ఆ కొమ్మను పెంచుకోవడానికి పూర్వీకులు దొరలే అయి ఉండనక్కరలేదు. ఇంగ్లండులో పొలం కూలీల పేర్లు, పనిమనుషుల పేర్లు, తల్లి వదిలివెళ్లిన పసికందుల పేర్లు కూడా కాగితం మీద మిగిలాయి. ఎవరు, ఎందుకు రాసి ఉంచారో తెలుసుకుంటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

1. తెలిసిన మనిషి నుంచి వెనక్కి వెళ్లండి

అదే ఇంటిపేరున్న ప్రముఖుడి నుంచి కిందికి రావాలని చూడకండి. బతికి ఉన్న పెద్దల నుంచి ఒక్కో తరం చొప్పున వెనక్కి వెళ్లండి. ఇంగ్లండు, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. జనన పత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. వివాహ పత్రంలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. సూచికను ఫ్రీబీఎండీ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. అందులో తల్లి పుట్టింటి పేరు 1911 నుంచే కనిపిస్తుంది. ఈ ప్రభుత్వ నమోదును నడిపే జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత సూచికలో 1837 నుంచీ ఉంటుంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

2. జనాభా లెక్కలతో ఊరు పట్టుకోండి

చర్చి రిజిస్టర్లు ఊరి వారీగా ఉంటాయి. ఊరు తెలియకుండా వాటి జోలికి వెళితే కాలం వృథా. 1851 లెక్కల నుంచి ప్రతి మనిషీ పుట్టిన ఊరు, ఇంటి యజమానితో బంధుత్వం రాశారు. 1841 లెక్కల్లో ఊరు ఉండదు. పైగా పదిహేనేళ్లు దాటిన వారి వయసును చాలాచోట్ల ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. 34 ఏళ్ల మనిషి 30గా కనిపిస్తే కంగారు పడకండి. ప్రస్తుతం ప్రజలకు అందుబాటులో ఉన్నవి 1921 వరకే. 1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఒకే మనిషి ఒక్కో లెక్కలో ఒక్కో ఊరు చెప్పి ఉంటే అన్నీ రాసుకోండి. తరచూ అవి ఇరుగుపొరుగు పల్లెలే అయి ఉంటాయి.

3. చర్చి రిజిస్టర్లు చదవండి

ఒక చర్చి కింద ఉండే ప్రాంతమే పారిష్. ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేయాలని 1538లో ఎనిమిదో హెన్రీ కొలువులోని థామస్ క్రామ్వెల్ ఆదేశించాడు. అప్పటి నుంచీ చెక్కుచెదరకుండా ఉన్న రిజిస్టర్లు తక్కువే. 1640, 1650 దశకాల్లో అంతర్యుద్ధం వల్ల, ఆ తర్వాతి పాలన వల్ల పెద్ద ఖాళీలు కనిపిస్తాయి. అసలు రిజిస్టరు పోయిందని నిరాశ పడకండి. 1598 నుంచి ఏటా ఒక నకలు బిషప్‌కు పంపేవారు. ఆ నకళ్లు చాలాచోట్ల బతికి ఉన్నాయి.

ఈ రిజిస్టర్లలో పేర్లు వెతికే ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ వెబ్‌సైట్లు రెండూ ఉచితం. అయితే సూచికలో పేరు కనబడగానే ఆగవద్దు. అసలు పేజీ చిత్రం తెరిచి చూడండి. 1754 నుంచి వివాహ నమోదులో సంతకాలు, సాక్షుల పేర్లు ఉంటాయి. రాయడం రాని వధువు పెట్టిన గుర్తు, సాక్షిగా నిలిచిన అన్న పేరు సూచికలోకి ఎక్కవు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, బాప్తిస్మంతో పాటు తండ్రి వృత్తి, నివాసం తెలుస్తాయి.

తేదీల విషయంలో జాగ్రత్త. 1752కు ముందు ఇంగ్లండులో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 ఏప్రిల్‌లో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్తిస్మం అని కనిపిస్తే తప్పు లేదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721. పాత పుటల్లో పేర్లు లాటిన్‌లో ఉండవచ్చు: జాన్ జోహానెస్ అవుతాడు, జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. సరైన పేరు, సరైన ఊరు, సరైన ఏడాది కుదిరినా ఆ బిడ్డే మీ పూర్వీకుడని వెంటనే నిర్ణయించకండి. అదే ఊరి ఖననాల పుటలు తిరగేయండి. పసితనంలోనే చనిపోయిన బిడ్డను ముత్తాతగా చేసుకున్న వంశవృక్షాలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. చనిపోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకూ పెట్టడం ఆ రోజుల్లో మామూలే.

4. పారిష్ పెట్టెలోని పేదల కాగితాలు

పారిష్ తన కాగితాలు దాచుకున్న పెట్టె ఇది. నాకు ఈ అన్వేషణలో అత్యంత విలువైనవి ఇవే. 1601 చట్టం పేదలను పోషించే భారం పారిష్‌ల మీద పెట్టింది. 1662 చట్టం, ఏ పేదవాడు ఏ పారిష్‌కు చెందుతాడన్న లెక్క తెచ్చింది. ఆ భారం తప్పించుకోవడానికి పారిష్‌లు ప్రతిదీ కాగితం మీద పెట్టాయి. పని వెతుక్కుంటూ వచ్చిన కూలీ చేయి చాస్తాడేమోనన్న అనుమానంతో మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి ప్రశ్నించేవారు: ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఏడాది పాటు జీతానికి ఉన్నావు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నావు, భార్యాపిల్లల పేర్లేమిటి? ఆ జవాబుల పత్రం చదివితే చదువు రాని మనిషి జీవితకథ అతని నోటి నుంచే విన్నట్టు ఉంటుంది. ఇవి ‘సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్’ పేరుతో ఉంటాయి. తిప్పి పంపిన ఆదేశాలు ‘రిమూవల్ ఆర్డర్’ పేరుతో ఉంటాయి.

బాప్తిస్మంలో తండ్రి పేరు లేకపోతే ‘బాస్టర్డీ బాండ్’ పత్రాలు అడగండి. బిడ్డ పోషణ ఖర్చు రాబట్టడానికి తల్లి చేత తండ్రి పేరు చెప్పించేవారు. ఆ స్త్రీల మీద ఎంత ఒత్తిడి ఉండేదో ఊహించుకుంటూ ఆ కాగితాలను గౌరవంతో చదవాలి.

5. వర్క్‌హౌస్, ఆసుపత్రి, అనాథాశ్రమం

1834 చట్టంతో పారిష్‌లు యూనియన్లుగా కలిసి వర్క్‌హౌస్‌లు, అంటే పేదలకు తిండి, నీడ ఇచ్చి పని చేయించే ఆశ్రమాలు, నడిపాయి. లోపలికి వెళ్లిన కుటుంబంలో మగవారిని, ఆడవారిని, పిల్లలను వేరు చేసేవారు. అందువల్ల ప్రవేశ, విడుదల రిజిస్టర్లలో ఒక్కొక్కరినీ విడిగా వెతకండి. జనాభా లెక్కల్లో మానసిక చికిత్సాలయాల రోగులను తరచూ పేర్ల మొదటి అక్షరాలతోనే రాశారు. వయసు, వృత్తి, పుట్టిన ఊరు సరిపోల్చి గుర్తించాలి. వర్క్‌హౌస్‌లో పుట్టిన బిడ్డకు ఆ మచ్చ అంటకూడదని 1904 నుంచి జనన పత్రంలో మామూలు వీధి చిరునామా రాయించారు. తెలియని చిరునామా కనిపిస్తే ఆ వీధిలో అప్పుడు ఏ సంస్థ ఉండేదో చూడండి.

లండన్‌లో థామస్ కోరమ్ స్థాపించిన ఫౌండ్లింగ్ ఆసుపత్రి (పేరుకు ఆసుపత్రి అయినా నిజానికి పసిపిల్లల అనాథాశ్రమం) 1741లో పిల్లలను తీసుకోవడం మొదలుపెట్టింది. ప్రతి బిడ్డకూ కొత్త పేరు పెట్టేవారు. ఎప్పటికైనా తిరిగి తీసుకువెళ్లాలన్న ఆశతో తల్లులు గుర్తుగా నాణెమో గుడ్డముక్కో వదిలేవారు. ఇక్కడ పేరుతో కాక, బిడ్డను చేర్చిన తేదీతో, సంఖ్యతో వెతకాలి.

6. భారతదేశంలో జరిగినవైతే

ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి ఇక్కడి చర్చిల నమోదుల నకళ్లు లండన్‌కు వెళ్లాయి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడ బెంగాల్ వరుస గుర్తు ఎన్/1, మద్రాసుది ఎన్/2, బొంబాయిది ఎన్/3. మనిషి ఎక్కడ పేరు తెచ్చుకున్నాడన్నది కాదు, ఆ ఘటన ఎక్కడ జరిగిందన్నదే చూడాలి. తెలుగుకు జీవితం ధారపోసిన సి.పి. బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. అతని బాప్తిస్మం కోసం మద్రాసు వరుసను కాక బెంగాల్ వరుసను వెతకాలి.

7. ఆర్కైవ్‌కు వెళ్లే ముందు

పేదల కాగితాలు, వర్క్‌హౌస్ రిజిస్టర్లు చాలా వరకు ఇంకా ఇంటర్నెట్‌లోకి రాలేదు. అవి కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. నేషనల్ ఆర్కైవ్స్ వారి డిస్కవరీ సూచికలో ఊరి పేరు ఇచ్చి ఏ కట్ట ఎక్కడుందో చూసుకోండి. ముందుగా రాసి, చూడాల్సిన దస్త్రాల సంఖ్యలు పంపండి. అక్కడ పెన్ను అనుమతించరు, పెన్సిల్ తీసుకువెళ్లండి. దొరికిన ప్రతి వివరం పక్కన దస్త్రం సంఖ్య, పుట రాసుకోండి. ఏమీ దొరకని రిజిస్టర్ల పేర్లు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు చూశారో కూడా రాసి ఉంచండి.