సీజీఎం గ్రాఫ్ ఎలా చదవాలి? ముందు ఎరుపు చూడండి, తర్వాతే సంగటి

అనంతపురంలో మా నాయన చేతికి సీజీఎం, అంటే రాత్రీపగలూ షుగర్ కొలిచి ఫోన్‌లో చూపే సెన్సర్, పెట్టించిన మొదటి వారం ఇంటిల్లిపాదీ ఫోన్ పట్టుకునే కూర్చున్నాం. 186 కనిపిస్తే టెన్షన్, 142 కనిపిస్తే సంబరం. అట్లా చూస్తే ఏమీ అర్థం కాదు. రోజూ ఒకే వేళకి ఏం జరుగుతోందో పట్టుకోవాలి.

అందుకు 14 రోజుల రిపోర్టు కావాలి. అందులో కనీసం 70 శాతం సమయం సెన్సర్ పనిచేసి ఉండాలి. కొత్త సెన్సర్ మొదటి రోజు అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి, వాటిని మరీ పట్టించుకోవద్దు.

రిపోర్టు రాగానే అందరి కళ్లూ ఎక్కువల మీదికే పోతాయి. మీరు ముందు ఎరుపు చూడండి, అంటే షుగర్ పడిపోయిన తక్కువలు. 70కి కింద గడిపిన సమయం 4 శాతం లోపు, 54కి కింద 1 శాతం లోపు ఉండాలి. పెద్ద వయసువాళ్లకైతే 70కి కిందే 1 శాతం దాటకూడదు.

అయితే దొంగ తక్కువలు కూడా ఉంటాయి. మా నాయనకి వరసగా మూడు రాత్రులు 58 అని అలారం మోగింది. లేపి చక్కెర నీళ్లు తాగించాం. నాలుగో రాత్రి వేలు గుచ్చి చూస్తే 118! సెన్సర్ ఉన్న ఎడమ చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటున్నాడు. చెయ్యి నలిగితే రీడింగ్ పడిపోతుంది. గ్రాఫ్ గోతిలో పడ్డట్టు దిగి, పక్కకి తిరగ్గానే లేస్తే అనుమానించండి. చెమటలు, వణుకు ఉంటే మాత్రం అనుమానాలు పక్కన పెట్టి ముందు చక్కెర ఇవ్వండి. ఇంకోటి, సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. భోంచేశాక అది గ్లూకోమీటర్ కంటే 5 నుంచి 15 నిమిషాలు వెనకబడొచ్చు.

తర్వాత 70 నుంచి 180 మధ్య గడిపిన సమయం. 70 శాతం, అంటే రోజుకి దాదాపు 17 గంటలు ఉంటే చాలామందికి బాగున్నట్టే. వృద్ధులకి సగం దాటినా సరే. సగటు చూసి మురిసిపోవద్దు: 60, 240 కలిపినా సగటు 150యే.

ఇప్పుడు గ్రాఫ్. 14 రోజుల్నీ కలిపి ఒకే రోజులా గీసేది ఇది. నడిమి గీత మీ మామూలు రోజు. దాని చుట్టూ ముదురు పట్టీ సన్నగా ఉండి గీత పైకి లేస్తే, ఆ వేళ రోజూ అదే తంతు అన్నమాట. పట్టీ వెడల్పుగా ఉంటే రోజుకో తీరు. అప్పుడు భోజనం వేళలు, మందులు మర్చిపోవడం లాంటివి వెతకాలి.

మా నాయన గ్రాఫ్‌లో మధ్యాహ్నం రెండు గంటలకి గీత కొండలా లేచేది. రాగి షుగర్‌కి మంచిదేనని నాయన ధైర్యంగా రెండు ముద్దల సంగటి లాగించేవాడు. సంగటిలో బియ్యం కూడా ఉడుకుతుంది కదా! ఒక ముద్ద తగ్గించి, గోంగూర పప్పు ఎక్కువ పెట్టి మూడు రోజులు చూశాం. కొండ కాస్తా దిబ్బయింది. మీరూ ఒకసారికి ఒక్కటే మార్చండి. ఉగ్గాని, నడక, నిద్ర అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు.

ఇన్సులిన్, మాత్రల మోతాదు సొంతంగా మార్చకండి. రిపోర్టు ప్రింటు తీసి, కొండ లేచిన చోట పెన్నుతో "సంగటి, 2 ముద్దలు, 1 గంటకి" అని రాసి డాక్టర్ ముందు పెట్టండి.