ఇంటి రికార్డింగ్‌కి తక్కువ ధర డ్రమ్ ప్యాడ్: కొనే ముందు ఎలా పరీక్షించాలి?

ఇంట్లో లాప్‌టాప్, ఒక మైకు, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) ఉంటే గొంతు రికార్డు చేయడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. దరువు దగ్గరే చిక్కు వస్తుంది. అసలు డ్రమ్ సెట్టుకి నాలుగైదు మైకులు కావాలి, గది కావాలి, పక్కింటివాళ్ల ఓర్పు కూడా కావాలి. అందుకే మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు చాలామంది ఎలక్ట్రానిక్ ప్యాడ్ వైపు చూస్తారు. ఆర్కెస్ట్రాల్లో అందరూ ‘ప్యాడ్స్’ అనేది దీన్నే. రోలాండ్ కంపెనీ 1985లో ఆక్టాప్యాడ్ అనే పేరుతో ఎనిమిది ప్యాడ్ల పెట్టె తెచ్చింది. ఇప్పుడు ఏ కంపెనీది చూసినా మనవాళ్లు ఆక్టాప్యాడ్ అనే అంటున్నారు.

నా మొదటి ప్యాడ్ విశాఖపట్నంలో కొన్నాను. కొట్లో పెద్ద స్పీకరుకి తగిలించి వినిపించారు. మోత అదిరింది, అరగంటలో డబ్బు కట్టేసి విజయనగరం బస్సెక్కాను. మర్నాడు మన వైపు జానపద కళ తప్పెటగుళ్ల నడకలో ఒక పాటకి దరువు రికార్డు చేయబోతే అసలు సంగతి బయటపడింది. పెద్ద దెబ్బలన్నీ పడ్డాయి. వాటి మధ్య వేళ్లతో తేలిగ్గా వేసే చిన్న దెబ్బల్లో సగం రికార్డు కానేలేదు. అవి లేకపోతే ఆ నడకే లేదు. ఎవరో మేకులు కొడుతున్నట్టు వినిపించింది.

అప్పటినుంచి నేను ఎవరికైనా ముందు చెప్పేది ఒక్కటే. ప్యాడ్ లోపలి సౌండ్లు నచ్చకపోతే లాప్‌టాప్‌లో వేరేవి పెట్టుకోవచ్చు. మీ చేతి దెబ్బను ప్యాడ్ సరిగ్గా అందుకోకపోతే మాత్రం తర్వాత చేయగలిగింది చాలా తక్కువ. కాబట్టి కొట్లో మీరు పరీక్షించాల్సింది సౌండ్‌ని కాదు, దెబ్బని.

మొదట: కర్రలా, వేళ్లా?

తక్కువ ధరలో దొరికేవి రెండు రకాలు. కర్రలతో కొట్టేవి కాస్త పెద్దవి, వాటిలో సౌండ్లు ఉంటాయి, లాప్‌టాప్ లేకుండా కూడా మోగుతాయి. వేళ్లతో కొట్టేవి అరచేయంత నుంచి పుస్తకమంత ఉంటాయి. అకాయ్ ఎల్‌పీడీ8 లాంటివి ఈ రకం. వాటిలో సౌండ్ ఉండదు, లాప్‌టాప్‌కి సంకేతం పంపుతాయి అంతే.

స్టేజీ ఎక్కే ఆలోచన లేకుండా ఇంట్లో రికార్డింగ్ మాత్రమే చేసేవాళ్లకి వేళ్ల ప్యాడ్ చాలు. పది వేల లోపే వస్తుంది, చప్పుడు తక్కువ. తబలా, కంజీరా, డప్పు మీద చేతి అలవాటు ఉన్నవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుంది. కర్రల అలవాటు ఉంటే మాత్రం వేళ్ల ప్యాడ్‌తో సర్దుకోవాలని చూడకండి, చేతులకి నచ్చదు.

కొట్టుకి ఏం తీసుకెళ్లాలి

మీ సొంత హెడ్‌ఫోన్స్ (తీగ ఉన్నవి), దాని సన్న పిన్నుని లావు పిన్నుగా మార్చే కన్వర్టర్, మీ కర్రలు, వీలైతే లాప్‌టాప్, యూఎస్‌బీ కేబుల్. లాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని వెళ్లండి, 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు. స్పీకరు కట్టేయమని, రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) తీసేయమని అడగండి. స్పీకరు మోతలో, రివర్బ్ సాగదీతలో లోపాలు దాక్కుంటాయి.

దెబ్బ పరీక్ష: దీనికి అరగంట పెట్టండి

కర్రల ప్యాడ్‌లో రబ్బరు కింద సాధారణంగా పీజో అనే చిన్న బిళ్ల ఉంటుంది. దెబ్బ అదురుని అది కరెంటు సంకేతంగా మారుస్తుంది. లోపలి సర్క్యూట్ ఆ సంకేతాన్ని కొలిచి దెబ్బ బలానికి 1 నుంచి 127 దాకా ఒక అంకె ఇస్తుంది. వాయిద్యాలు, కంప్యూటర్లు సంకేతాలు పంపుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతి ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది. మనం చూడాల్సిందల్లా ఆ అంకెలు మన చేతిని నమ్మకంగా అనుసరిస్తున్నాయా అన్నదే.

ఒక ప్యాడ్ మీద కర్రని తాకీ తాకనట్టు వేయండి. అక్కడినుంచి మెల్లగా బలం పెంచుతూ ఇరవై దెబ్బలు కొట్టండి. చప్పుడు మెట్టు మెట్టుగా పెరగాలి. చవక ప్యాడ్లలో కొన్ని మొదటి నాలుగైదు దెబ్బలు మింగేసి, తర్వాత ఒక్కసారిగా మోగుతాయి. కొన్నిటిలో మూడే మెట్లు ఉంటాయి: మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. లాప్‌టాప్ ఉంటే ఈ ఇరవై దెబ్బల్నీ రికార్డు చేసి అంకెలు చూడండి. 12, 19, 27, 33 అంటూ పాకుతూ వెళ్తే మంచిది. 40, 40, 80, 80, 127 అని గెంతుతుంటే పక్కన పెట్టేయండి.

వెంటనే వద్దనకుండా ఒకసారి సెట్టింగ్స్ చూడండి. సెన్సిటివిటీ, థ్రెషోల్డ్, కర్వ్ అని మూడు ఉండొచ్చు. ఎంత చిన్న దెబ్బ వరకు వినాలో థ్రెషోల్డ్ చెబుతుంది. దాన్ని తగ్గిస్తే పోయిన చిన్న దెబ్బలు తిరిగి రావచ్చు. నా మొదటి ప్యాడ్‌లో ఈ సెట్టింగే లేదు.

తర్వాత అంచులు. అదే బలంతో మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో ఒక్కొక్కటి కొట్టండి. మూలలు కొంచెం నీరసంగా ఉండటం మామూలే. అసలు పలకకపోతే, లేదా మధ్యలో రూపాయి బిళ్లంత చోట మాత్రమే గట్టిగా మోగితే, పాట మధ్యలో చేయి అటూ ఇటూ జరిగినప్పుడల్లా దెబ్బ బలం మారిపోతుంది.

పక్క ప్యాడ్ల సంగతి: ఒక ప్యాడ్‌కి గంట లాంటి చురుకైన సౌండ్ పెట్టండి. దాని పక్కదాన్ని మీ బలం కొద్దీ కొట్టండి. గంట మోగిందా? అదురు పెట్టె లోపలినుంచి పాకి పక్క బిళ్లకి తగిలిందన్నమాట. దీన్నే క్రాస్‌టాక్ అంటారు. రికార్డింగ్‌లో ఇది పెద్ద తలనొప్పి, పాటంతా వెతికి ఒక్కో తప్పు దెబ్బనీ చెరపాలి.

చివరిది రోల్, అంటే ఆపకుండా వేగంగా వేసే వరస దెబ్బలు. నిమిషానికి 120 వేగంతో, మాత్రకి నాలుగు చొప్పున కొట్టండి. అంటే సెకనుకి ఎనిమిది దెబ్బలు. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుంటే సరిపోతుంది. ఒక్క దెబ్బకి రెండు పలుకుతున్నాయా, రోల్ మధ్యలో దెబ్బలు ఎగిరిపోతున్నాయా అని వినండి. ఈ రెండు లోపాలూ తక్కెడ సిబ్బెల్లాంటివి. రెండుసార్లు మోగకుండా ఉండాలని ప్యాడ్ ఒక దెబ్బ తర్వాత కాసేపు చెవులు మూసుకుంటుంది. ఆ కాసేపు ఎక్కువైతే రోల్‌లో దెబ్బలు పోతాయి. మంచి ప్యాడ్ రెండిటికీ మధ్య నిలబడుతుంది. ‘తకిట తకిట’ నడకలు వాయించేవాళ్లు ఈ పరీక్ష వదలకూడదు.

వెనక జాక్‌లు

యూఎస్‌బీ ఉందంటే సరిపోదు. చాలా ప్యాడ్లలో ఆ కేబుల్ మీద మిడి సంకేతం మాత్రమే వెళ్తుంది, లోపలి సౌండ్ వెళ్లదు. ప్యాడ్ సొంత సౌండ్లే రికార్డు చేయాలంటే వెనక ఎడమ, కుడి అవుట్‌పుట్లు ఉండాలి, వాటిని ఇంటర్‌ఫేస్‌కి కలపాలి. సెకండ్ హ్యాండ్‌లో పాత రోలాండ్ ఎస్‌పీడీ-20 దొరికితే, దానిలో యూఎస్‌బీ ఉండదు, 5 పిన్నుల పాత మిడి జాక్ ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌లో ఆ జాక్ లేకపోతే విడిగా కన్వర్టర్ కేబుల్ కొనాలి. కాలితో కిక్ వేయాలనుకుంటే పెడల్ జాక్ కూడా చూసుకోండి.

పవర్ అడాప్టర్ విషయంలో జాగ్రత్త. రోలాండ్ అడాప్టర్లలో పిన్ను లోపల మైనస్ ఉంటుంది. బజార్లో దొరికే మామూలు అడాప్టర్లలో చాలావాటికి లోపల ప్లస్. పిన్ను దూరింది కదా అని పెడితే ప్యాడ్ పాడైపోవచ్చు. పెట్టె మీద ఉన్న బొమ్మ చూసి, వోల్టేజీ కూడా కలిశాకే పెట్టండి.

మన సౌండ్లు ఎక్కుతాయా?

ఇది నాకు ఇష్టమైన భాగం. ప్యాడ్లలో కాంగా, టింబాలీ లాంటి విదేశీ వాయిద్యాలు ఉంటాయి గానీ తప్పెటగుళ్లు, తుడుం వెతికినా దొరకవు. అలెసిస్ శాంపిల్‌ప్యాడ్ లాంటివి ఎస్‌డీ కార్డు నుంచి మన సొంత వేవ్ ఫైళ్లు తీసుకుంటాయి. మిడి మాత్రమే పంపే ప్యాడైతే ఆ ఫైళ్లని లాప్‌టాప్‌లోనే శాంపిలర్‌లో (దెబ్బ పడగానే ఫైలుని మోగించే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవచ్చు.

ఊళ్లో తప్పెటగుళ్ల బృందం ఉంటే వెళ్లి అడగండి. రికార్డింగ్ దేనికో చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాక, వాళ్ల సమయానికి డబ్బు ఇచ్చి చేసుకోండి. ఒక్కో రకం దెబ్బని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడుసార్లు విడివిడిగా రికార్డు చేయాలి. ఒకే ఫైలుని చిన్నగా, పెద్దగా మోగిస్తే ప్రాణం ఉండదు. గట్టి దెబ్బకి రేకు పలికే తీరే వేరు.

జముకు దగ్గర మాత్రం ప్యాడ్ ఓడిపోతుంది. తీగ బిగువు మారుస్తూ నాదాన్ని పైకీ కిందికీ సాగదీయడమే జముకు అందం. ఒక దెబ్బ, ఒక ఫైలు అనే లెక్కలో అది ఇమడదు. జముకు కావాలంటే జముకుల కళాకారుడినే మైకు ముందు కూర్చోబెట్టండి.

ఇంటికొచ్చాక

కొట్టిన క్షణానికీ వినిపించిన క్షణానికీ మధ్య ఆలస్యం పది మిల్లీసెకన్లు దాటితే చాలామంది చేతులు తడబడతాయి. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (లాప్‌టాప్ ఒక్కసారికి పోగేసుకునే సౌండ్ ముక్క) 512 శాంపిళ్లు ఉంటే, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర అదొక్కటే దాదాపు 11.6 మిల్లీసెకన్లు. 128కి దించితే 2.9. దీనికి ఇంటర్‌ఫేస్ తీసుకునే కాలం కూడా కలుస్తుంది కాబట్టి ముందే తగ్గించి పెట్టుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో ఎప్పుడూ వాయించకండి, వాటి ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. చాలామంది ప్యాడ్‌ని తిట్టుకునేది ఈ తప్పుకే.

కర్రల ప్యాడ్ రబ్బరు టపటప రాత్రిపూట కింది వాటాకి బాగా వినిపిస్తుంది. స్టాండు కింద మందపాటి బొంత మడిచి వేస్తే చాలావరకు తగ్గుతుంది. పక్కన ఎవరైనా పాడుతుంటే ఆ టపటప మైకులోకి ఎక్కుతుంది కనుక గొంతు, దరువు విడివిడిగా తీసుకోండి.

వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి. తెచ్చిన రోజే మీకు బాగా వచ్చిన దరువు ఒకటి మూడు నిమిషాలు ఆపకుండా వాయించి రికార్డు చేయండి. ముందు హెడ్‌ఫోన్స్‌లో వినండి, తర్వాత తెర మీద అంకెలు చూడండి. మీరు వేసిన చిన్న దెబ్బలు అక్కడ కనిపించకపోతే, సెట్టింగ్స్ మార్చినా రాకపోతే, పెట్టె సర్దేసి మర్నాడే తిరిగి ఇచ్చేయండి.