ఎచూకాలో ఆగితే వ్యాన్ చెట్టు కింద పెట్టకండి

ఆస్ట్రేలియాలో క్యాంపర్‌వ్యాన్‌లో తిరుగుతూ విక్టోరియా ఉత్తరం వైపు వెళ్తే, మర్రే నది ఒడ్డున ఉన్న ఎచూకాలో ఒక్క రాత్రయినా ఆగండి. అంత అందమైన ఊరు. కానీ ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఒడ్డున రెడ్ గమ్ చెట్ల నీడ ఎంత చల్లగా అనిపించినా వ్యాన్ వాటి కింద ఆపొద్దు. గాలి కాస్తయినా లేని ఎండాకాలం మధ్యాహ్నం కూడా పెద్ద పెద్ద కొమ్మలు ఉన్నట్టుండి విరిగి పడతాయి. కొమ్మలు చాచినంత మేర దాటి, ఆరుబయట పెట్టుకోండి. టెంటు వేసినా, కుర్చీలు వేసుకున్నా అంతే. వాన పడితే ఒడ్డు మట్టిలో చక్రాలు కూరుకుపోతాయి, గట్టి నేల చూసుకోండి.

పొద్దున్నే పాత రేవుకి నడిచి వెళ్లండి. 1865లో రెడ్ గమ్ దుంగలతోనే కట్టడం మొదలుపెట్టారు. నది అంతగా పెరిగి తగ్గుతుంది కాబట్టే దాన్ని అంతస్తులుగా కట్టారు, కిందిదాకా దిగి చూడండి. 1866 నాటి ప్యాడిల్ స్టీమర్ (తెడ్ల చక్రాలతో నడిచే ఆవిరి పడవ) అడిలైడ్ అక్కడిదే.

గాలం వేసే ఆలోచన ఉంటే, నది అవతలి ఒడ్డున ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం కిందికి వస్తుంది. విక్టోరియా ఒడ్డున కూర్చున్నా ఆ రాష్ట్రం ఫిషింగ్ లైసెన్సే తీసుకోవాలి.