రెండు పెద్ద పార్టీల మీదా మనసు విరిగితే బ్రిటన్‌లో ఓటు ఎలా వెయ్యాలి

2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి పోదామని 51.9 శాతం, ఉందామని 48.1 శాతం ఓటేశారు, ఆ గొడవ ఇంకా చల్లారలేదు. బయటికొస్తే మన రెస్టారెంట్లకు వంటవాళ్ళను తెచ్చుకోవడం తేలికవుతుందని అప్పట్లో ప్రచారం చేశారు. తీరా 2024 ఏప్రిల్‌లో కన్జర్వేటివ్ ప్రభుత్వం అలా పనివాళ్ళను తెచ్చుకునే స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస జీతం 38,700 పౌండ్లకు పెంచింది, తర్వాత వచ్చిన లేబర్ దాన్ని తగ్గించకపోగా 2025లో 41,700 చేసింది. ఎవరొచ్చినా ఇంతేలే అని మనవాళ్ళు అంటే నేను తప్పు పట్టను, కానీ ఆ కోపంతో ఇంట్లో కూర్చుంటే మీ కోపం ఎవరి లెక్కలోకీ రాదు.

ముందు పేరు నమోదు. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నా, చెల్లుబాటయ్యే వీసా మీద ఇక్కడ ఉంటున్నవాళ్ళకు, స్టూడెంట్లకు కూడా, కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ఇది తెలియనివాళ్ళు మనలో చాలామంది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకుని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల్లో చేసుకోవచ్చు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే అయిపోవాలి, ఇల్లు మారితే మళ్ళీ చేసుకోవాలి.

ఫొటో ఐడీ తప్పనిసరి, ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. అయితే మనకు ఇంటిపేర్లతో ఒక తిప్పలుంది: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మనమేమో అలవాటు కొద్దీ పొడి అక్షరం పెట్టి నమోదు చేసుకుంటాం. అలా కాకుండా పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇక ఎవరికి వెయ్యాలి? 2024లో లేబర్‌కు 33.7 శాతం ఓట్లతో 411 సీట్లొచ్చాయి, రిఫార్మ్ అనే చిన్న పార్టీకి 14.3 శాతానికి ఐదే. ఇది చూస్తే చిన్న పార్టీకి వేసిన ఓటు వృథా అనిపిస్తుంది, నిజమే. అందుకే దేశం లెక్క పక్కన పెట్టి మీ నియోజకవర్గంలో పోయినసారి ఎవరు ఎంత తేడాతో గెలిచారో చూడండి. లండన్‌లోని హెండన్ నియోజకవర్గంలో ఆ తేడా 15 ఓట్లు. ఒక అపార్ట్‌మెంట్‌లో అంతకంటే ఎక్కువమంది తెలుగువాళ్ళం ఉంటాం కదా! తర్వాత పార్టీ నాయకుణ్ణి మరిచిపోయి అభ్యర్థులకు మెయిల్ పెట్టండి, మీ అడ్రసు, పోస్ట్‌కోడ్ రాసి, ఒక్కటే ప్రశ్న అడగండి. నేను వీసా ఫీజుల గురించి నలుగురిని అడిగితే ఇద్దరు జవాబిచ్చారు, అందులో ఒకరు నా ప్రశ్న నిజంగా చదివి రాశారు. నా ఓటు ఆయనకే వేశాను, పార్టీ నచ్చకపోయినా.

ఎవరూ నచ్చకపోతే? ఇక్కడ నోటా లేదు. అయినా వెళ్ళి బ్యాలెట్ ఖాళీగా వేసి రండి, చెల్లని ఓట్లు ఎన్నో లెక్కపెట్టి ఫలితంతో పాటే చెబుతారు. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు. డ్యూటీ ఆలస్యమైనా కంగారుపడకండి, పది కొట్టేసరికి క్యూలో ఉంటే చాలు, ఓటు వెయ్యనిస్తారు.